తగువులో లేని మనిషి

2024 డిసెంబర్ చివరి వారంలో అమెరికా సంప్రదాయవాదుల ఇంట్లో పెద్ద తగువు జరిగింది. ఎన్నిక గెలిచి రెండు నెలలు కాలేదు. ట్రంప్ ఇంకా ప్రమాణస్వీకారం కూడా చెయ్యలేదు. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ని కృత్రిమ మేధ వ్యవహారాలకి సలహాదారుగా ప్రకటించారు. గ్రీన్‌కార్డులకి దేశాలవారీగా ఉన్న పరిమితి తీసేస్తే మంచిదని ఆయన అంతకుముందు అని ఉన్నాడు. ట్రంప్ వీరాభిమాని లారా లూమర్ ఆ మాట బయటికి తీసి, ఇది 'అమెరికా ఫస్ట్' విధానానికే విరుద్ధం అంది. ఇక అంతే. హెచ్‌-1బి వీసాలు ఉండాల్సిందేనని ఇలాన్ మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు. అదంతా మోసం, అమెరికన్ల ఉద్యోగాలు కాజేసే ఏర్పాటు అని స్టీవ్ బానన్ మరోవైపు. వారం తిరక్కుండా ట్రంప్ తనకి ఆ వీసాలంటే ఎప్పుడూ ఇష్టమేనని ఒక పత్రికతో చెప్పాడు. తొమ్మిది నెలలయ్యాక, 2025 సెప్టెంబర్ 19న, కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఆయనే సంతకం పెట్టాడు.

ఈ తగువు గురించి మన పత్రికలు చాలా రాశాయి. ఎన్ని ఉద్యోగాలు పోతాయి, ఏ కంపెనీ షేరు పడిపోతుంది, మన పిల్లల భవిష్యత్తు ఏమిటి. ఈ 'మన పిల్లలు' ఎప్పుడూ మగపిల్లలే అన్నట్టు రాయడం మన పత్రికలకి అలవాటు. నేను ఆర్థిక శాస్త్రం చదువుకున్న దాన్ని కాదు. అమెరికా తెలుగు కథల్లో స్త్రీల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న దాన్ని. మాటలు ఎవరిని ముందుకి తెస్తాయి, ఎవరిని పక్కకి నెడతాయి అని చూడడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ విద్యతోనే ఈ తగువుని చదివాను. చదవడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

రామస్వామి డిసెంబర్ 26న సామాజిక మాధ్యమంలో పెద్ద వ్యాసమంత రాశాడు. అమెరికా సంస్కృతి చాలాకాలంగా ప్రతిభని వదిలేసి సాదాసీదాతనాన్ని నెత్తిన పెట్టుకుందని దాని సారాంశం. దానికి ఆయన ఇచ్చిన మొదటి ఉదాహరణ, గణితం ఒలింపియాడ్ గెలిచిన పిల్లవాడి కంటే ప్రామ్ క్వీన్‌ని గొప్పగా చూడడం. ప్రామ్ అంటే అమెరికా హైస్కూళ్లలో చదువు చివర్లో జరిగే నృత్యోత్సవం. అక్కడ కిరీటం పెట్టించుకునే అమ్మాయి ప్రామ్ క్వీన్. ఆ వెంటనే ఆటగాడి ప్రస్తావన కూడా ఉందనుకోండి. కానీ ఒక దేశపు పతనానికి గుర్తుగా ముందుగా కళ్లకి కట్టింది కిరీటం పెట్టుకున్న ఒక పదిహేడేళ్ల ఆడపిల్ల! ఆ తర్వాత ఆయన మందు చెప్పాడు. లెక్కల ట్యూషన్లు పెరగాలి, స్నేహితుల ఇళ్లలో రాత్రి పడుకోవడాలు తగ్గాలి. శనాదివారాల్లో సైన్స్ పోటీలు పెరగాలి, కార్టూన్లు తగ్గాలి.

సరే. ఆ పిల్లవాణ్ణి శనివారం పొద్దున్నే లేపి, టిఫిన్ పెట్టి, నలభై నిమిషాలు కారు నడిపి ట్యూషన్‌కి తీసుకెళ్లి, గంటన్నర సేపు కార్లోనే కూర్చుని వెనక్కి తీసుకొచ్చేది ఎవరు? ఆ వ్యాసంలో ఆవిడ లేదు. ప్రతిభ అనేది ఇంట్లో ఎవరి చాకిరీ లేకుండా గాల్లోంచి ఊడిపడేదైతే అమెరికాకి కూడా కొరత ఉండేది కాదు. ఆయనకి జవాబిస్తూ నిక్కీ హేలీ, అమెరికా కార్మికుల్లో గానీ సంస్కృతిలో గానీ ఏ లోపమూ లేదంది. ఆవిడా వలస వచ్చిన పంజాబీ తల్లిదండ్రుల కూతురే.

గమనిస్తే ఈ తగువులో స్త్రీల గొంతులకి కొదవ లేదు. లూమర్, హేలీ సరే. 2024లోనే ఆన్ కోల్టర్, రామస్వామి ఎదురుగా కూర్చుని, నువ్వు భారతీయుడివి కాబట్టి నీకు ఓటెయ్యను అని చెప్పింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన దంపతుల బిడ్డ మిషెల్ మాల్కిన్, హెచ్‌-1బికి వ్యతిరేకంగా 2015లోనే పుస్తకం రాసింది. 2025 నవంబర్‌లో లారా ఇంగ్రహామ్ టీవీలో, మన దగ్గర ప్రతిభ ఉన్నవాళ్లు బోలెడు మంది ఉన్నారని ట్రంప్‌కే ఎదురు చెప్పింది. లేరు అన్నాడాయన. ఆ వారంలోనే మార్జొరీ టేలర్ గ్రీన్ ఆ వీసాని ఎత్తేసే బిల్లు తెస్తానంది. స్త్రీలు మాట్లాడితే చాలు, మాటలో స్త్రీ వస్తుందని నమ్మే రోజులు ఎప్పుడో పోయాయి. అయినా ఇంతమంది మాట్లాడిన చోట అసలు మనిషి ఇంతగా కనపడకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది.

ఈ తగువు నిన్నటిది కాదు. అమెరికా మితవాదంలో మొదటినుంచీ రెండు కుటుంబాలున్నాయి. ఒకటి వ్యాపారుల కుటుంబం. సరుకు ఎలా సరిహద్దులు దాటుతుందో మనిషి శ్రమ కూడా అలాగే దాటాలంటుంది. 1984 జూలైలో వాల్‌స్ట్రీట్ జర్నల్, సరిహద్దులు తెరిచే ఉంచాలని రాజ్యాంగాన్నే సవరించమంటూ సంపాదకీయం రాసింది. 1986లో రీగన్ పత్రాలు లేని లక్షలాది మందిని చట్టబద్ధం చేశాడు. 1990లో పెద్ద బుష్ సంతకం చేసిన చట్టం నుంచే హెచ్‌-1బి పుట్టింది. రెండోది, దేశమంటే రక్తసంబంధం, సంస్కృతి, చర్చి అనుకునే కుటుంబం. 1992లో పాట్రిక్ బ్యుకానన్ అదే బుష్ మీద సొంత పార్టీలోనే పోటీకి దిగినప్పుడు ఆ గొంతు పెద్దగా వినపడింది. ట్రంప్ ఈ రెండు కుటుంబాల్నీ ఒకే ఇంట్లో కాపురం పెట్టించాడు.

నాకు ఆసక్తి కలిగించింది అంతకన్నా పాత సంగతి. 1965 వలస చట్టం రాసేటప్పుడు, నైపుణ్యం ఉన్నవాళ్లకి మొదటి పీట వెయ్యాలని ప్రభుత్వం అనుకుంది. ఒహాయోకి చెందిన మైకేల్ ఫీగన్ అనే సంప్రదాయవాద డెమోక్రాట్ సభ్యుడు దిగువ సభ ఉపసంఘానికి అధ్యక్షుడు. ఆయన పట్టుబట్టి కుటుంబాలకి మొదటి పీట వేయించాడు. ఎందుకు? అప్పటికే అక్కడున్నవాళ్లు ఎక్కువమంది యూరప్ నుంచి వచ్చినవాళ్లు కాబట్టి, వాళ్ల బంధువులే వస్తారు, దేశం రంగు మారదు అని. లెక్క తప్పింది. డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన ఆసియావాళ్లు భార్యల్నీ తోబుట్టువుల్నీ తల్లుల్నీ పిలిపించుకున్నారు. దేశాన్ని తెల్లగా ఉంచడానికి తెచ్చిన 'కుటుంబం' అనే మాటకి ఇప్పుడు అదే వర్గం 'గొలుసు వలస' అని పేరు పెట్టి తిడుతోంది.

అంతకు ముందు 1875లో వచ్చిన పేజ్ చట్టం, పడుపు వృత్తి పేరు చెప్పి చైనా స్త్రీలని ఆపేసింది. చైనా కూలీలందరినీ ఆపిన చట్టం ఏడేళ్ల తర్వాతగానీ రాలేదు. ముందు ఆపింది ఆడవాళ్లని. మగవాడు పని చేసి వెళ్లిపోతాడు, ఆడది వస్తే కాపురం ఏర్పడుతుందని.

ఇప్పుడు హెచ్‌-4 దగ్గరికొద్దాం. హెచ్‌-1బి మీద వెళ్లినవాళ్ల భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చేది హెచ్‌-4. 'డిపెండెంట్' అంటారు. తెలుగులో 'ఆధారపడినవారు' అనాలేమో. మన ఇళ్లలో మాత్రం డిపెండెంట్ అనే అంటారు, అదేదో ఉద్యోగం పేరైనట్టు. ఆ వీసా మీద ఉన్న మనిషి చదువుకోవచ్చు, పని చెయ్యకూడదు. 2015 మే 26 నుంచి ఒబామా ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. ముఖ్యంగా, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటి వరసలో నిలబడి ఉంటే, భార్య పని అనుమతి అడగొచ్చు. అలా అనుమతి తీసుకున్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా స్త్రీలు, తొంభై మందికి పైగా భారతదేశంలో పుట్టినవాళ్లు.

దీని మీద వెంటనే కోర్టుకి వెళ్లింది 'సేవ్ జాబ్స్ యు.ఎస్.ఎ.' అనే బృందం. వాళ్లు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ సంస్థలో కంప్యూటర్ పనులు చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు. తమ స్థానంలో హెచ్‌-1బి మీద వచ్చినవాళ్లకి తామే పని నేర్పించి మరీ బయటికి పోవాల్సి వచ్చిందన్నది వాళ్ల బాధ. ఆ బాధ అబద్ధం కాదు. వాళ్లని తేలిగ్గా జాత్యహంకారులని కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. కానీ చూడండి, వాళ్ల ఉద్యోగాలు పోయింది హెచ్‌-1బి వల్ల. పదేళ్లపాటు వాళ్ల పేరుతో నడిచిన కేసు హెచ్‌-4 భార్యల పని అనుమతి మీద! ఆ నియమం చట్టసభ చేసింది కాదు, ప్రభుత్వ శాఖ చేసింది కాబట్టి కోర్టులో పడగొట్టడం తేలికని న్యాయవాదులు అనుకుని ఉండొచ్చు. మగవాడి వీసాకి చట్టం ఉంది, వెనక కంపెనీలున్నాయి. ఆమె పనికి ఉన్నది ఒక నియమం మాత్రమే. ట్రంప్ మొదటి ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామని 2017 నుంచి చెప్తూ వచ్చింది, చెయ్యలేదు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నియమాన్ని నిలబెట్టింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. పదేళ్లు ఆ కేసు ఎప్పుడు ఏమవుతుందోనని చూస్తూ ఉద్యోగం చేసినవాళ్లు వేలమంది.

ఇంకో సంగతి. స్త్రీలపై హింసకి సంబంధించిన చట్టాన్ని చిన్న బుష్ 2006 జనవరిలో పొడిగించినప్పుడు, భర్త చేతిలో హింసకి గురవుతున్న హెచ్‌-4 స్త్రీ తనంతట తాను పని అనుమతి అడగొచ్చని అందులో రాశారు. అది అడగడానికి కావలసిన దరఖాస్తు ఫారం తయారయ్యేసరికి 2017 వచ్చింది. ఒక ఫారం అచ్చెయ్యడానికి పదకొండేళ్లు. ఏ పక్షమూ దాని గురించి తగువు పడలేదు.

నా సొంత కారణం మా అక్క. అక్క బోటనీలో ఎమ్మెస్సీ చేసి గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. 2008లో పెళ్లయింది. బావగారిది హెచ్‌-1బి కాబట్టి కట్నం రేటు కూడా దానికి తగ్గట్టే. రెండెకరాలు అమ్మారు. చదువు చెప్పే అమ్మాయిని డబ్బిచ్చి మరీ పని చెయ్యకూడని దేశానికి పంపించాం. ఆరేళ్లు డాలస్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంది. వాళ్లకి ఇద్దరు పిల్లలు. ఆ ఆరేళ్లలో అక్క ఫోన్‌లో మాట్లాడే పద్ధతి మారడం నాకు బాగా గుర్తుంది. మొదట్లో "నేను" అనేది. తర్వాత "మేము" అనడం మొదలుపెట్టింది. చివరికి "మీ బావగారు ఇలా అంటున్నారు" అనే మాటతో తప్ప వాక్యం మొదలయ్యేది కాదు. 2015 చివర్లో పని అనుమతి వచ్చింది. ఒక బడిలో సైన్స్ ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరింది. జీతం చెప్పుకోదగ్గది కాదు. అయినా మొదటి జీతం వచ్చిన రోజు ఫోన్ చేసి, ల్యాబ్‌లో ఉన్న ఒక ఫెర్న్ మొక్క గురించి అరగంట మాట్లాడింది.

పోయిన సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల వార్త వచ్చిన మర్నాడు ఇంట్లోవాళ్లందరం ఫోన్‌లో కలిశాం. విదేశాల్లో ఉన్నవాళ్లని వెంటనే తిరిగి రమ్మని కంపెనీలు సందేశాలు పంపుతున్న రోజు అది. ఆ రుసుము కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారేనని అప్పుడప్పుడే వివరణ వస్తోంది. న్యూజెర్సీలో ఉండే మా బాబాయ్ 1994లో హెచ్‌-1బి మీదే వెళ్లాడు. ఇప్పుడు పౌరుడు. రిపబ్లికన్లకే ఓటు. బావగారికి ఓటు లేదు గానీ అభిప్రాయాల్లో ఆయనా అటే. దక్షిణ సరిహద్దు దాటి వచ్చేవాళ్లని తరిమెయ్యాలనే విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఆ రోజు మాత్రం ఇద్దరికీ చెడింది.

"మంచి పనే చేశాడోయ్! దొంగ కన్సల్టెన్సీలు పెట్టి ఒక్కో మనిషికి మూడేసి దరఖాస్తులు వేస్తున్నారు. మేం వచ్చినప్పుడు ఇలా ఉండేదా?" అన్నాడు బాబాయ్.

"మీరు లోపలికొచ్చి తలుపేసుకున్నారు బాబాయ్‌గారూ. పదిహేడేళ్ల నుంచి పన్ను కడుతున్నాను, నా గ్రీన్‌కార్డు ఏది? మెరిట్ ప్రకారం ఇస్తే ఎప్పుడో రావాలి" అన్నారు బావగారు.

మెరిట్. ఆ మాట వినగానే నాకు 1990 గుర్తొస్తుంది. ఆగస్టులో మండల్ సిఫార్సుల ప్రకటన వచ్చినప్పుడు మాలాంటి భూములున్న కులాల ఇళ్లలో మెరిట్ చచ్చిపోయిందని ఏడ్చారట. అదే ఏడాది నవంబర్‌లో అమెరికాలో ఈ వీసా చట్టం మీద సంతకం అయింది. మెరిట్‌కి గుర్తింపు లేని దేశం వదిలి, ఉన్న దేశానికి వెళ్తున్నామని చెప్పుకుంటూ వెళ్లినవాళ్లు, అక్కడ తమకంటే 'మెరిట్' ఉన్నవాళ్లు తమని దొంగలంటుంటే తెల్లబోతున్నారు. రామస్వామికి కోల్టర్ చెప్పిన జవాబు అదే కదా. రక్తం అడిగేవాళ్లకి మార్కుల లిస్టు చూపిస్తే ఏం లాభం? ప్రతి దేశానికీ ఏడు శాతమే అనే పరిమితి వల్ల భారతీయుల వరస పది లక్షలు దాటిందని 2023లో కేటో సంస్థ లెక్కగట్టింది. అదీ వ్యాపారుల కుటుంబం వైపు సంస్థే. ఆ వరసలో నిలబడ్డవాళ్ల పిల్లలకి ఇరవై ఒకటి నిండితే డిపెండెంట్ హోదా పోతుంది.

ఆ ఫోన్‌లో అక్క కూడా ఉంది. ముప్పావుగంటలో ఆవిడ మాట్లాడింది ఒకేసారి, బావగార్ని గొంతు తగ్గించమని. పిల్లలు పడుకున్నారని. పిన్ని అసలు మాట్లాడలేదు. బాబాయ్ సంపాదన నిలదొక్కుకునే దాకా, 1990ల్లో ఆవిడ ఒక తెలుగువాళ్ల కిరాణా కొట్లో లెక్కల్లోకి రాని పని చేసింది. ఆ పని చట్టానికి విరుద్ధం. బాబాయ్ దొంగ కన్సల్టెన్సీలని తిడుతున్నంతసేపూ పిన్ని మ్యూట్‌లో ఉంది.

తల్లుల సంగతి వేరే చెప్పాలి. 2025 జనవరి 20న, ప్రమాణస్వీకారం రోజే, పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదిస్తూ ట్రంప్ ఆదేశం ఇచ్చాడు. బిడ్డ పుట్టేనాటికి తల్లి అక్కడ ఉండడం చట్టబద్ధమే అయినా తాత్కాలికమైతే, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, బిడ్డకి పౌరసత్వం లేదని. హెచ్‌-1బి దంపతులంతా అందులోకి వస్తారు. తొమ్మిదేళ్లుగా పన్ను కడుతున్నా 'తాత్కాలికమే'. మూడ్రోజుల్లో సియాటిల్‌లో దాన్ని ఆపిన న్యాయమూర్తి జాన్ కఫెనార్‌ని నియమించింది రీగన్. ఇక్కడా సంప్రదాయవాదుల మధ్యే తగువు, రాజ్యాంగంలో రాసిన మాటని పట్టుకోవాలా, తమకి కావలసిన అర్థాన్ని పట్టుకోవాలా అని. ఆ కొద్ది రోజుల్లో, గడువులోపే కాన్పు చెయ్యమని భారతీయ గర్భిణులు డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నారని వార్తలొచ్చాయి. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో కడుపు కోయించుకోవడానికి. పెద్దలు రాజ్యాంగం గురించి వాదించుకుంటుంటే గడువు తేదీ ఆడవాళ్ల కడుపు మీద పడింది. ఇక కాన్పుకి సాయం వెళ్లే అమ్మలు, అత్తలు. ఆరు నెలలు పర్యాటక వీసా మీద వెళ్లి, ఏ పర్యాటక స్థలమూ చూడకుండా, మనవల ఉయ్యాల ఊపి వచ్చేవాళ్లు. మా అమ్మ రెండుసార్లు వెళ్లింది. అమెరికా ఎలా ఉందంటే వంటింటి కిటికీలోంచి కనపడే పార్కింగ్ స్థలం గురించి చెప్తుంది. ఆ పనికి డబ్బు కట్టాల్సి వస్తే ఏ కంపెనీ ఇంజనీరూ ఆ జీతానికి నిలబడలేడు.

ఉషా వాన్స్ పేరు ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే మనవాళ్లు ఒప్పుకోరు. 2024లో మన పేపర్లు ఆవిడ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు వెళ్లి ఫొటోలు తీసుకొచ్చాయి. ఆవిడకి నాయనమ్మ వరసయ్యే చిలుకూరి శాంతమ్మ గారు తొంభై దాటాక కూడా ఫిజిక్స్ పాఠాలు చెప్తున్నారు. వార్త అయితే ఆవిడ కావాలి. ఉష పేరున్న న్యాయవాది. భర్త ఉపాధ్యక్ష అభ్యర్థి అయిన రోజే సంస్థని వదిలేసింది. 2025 అక్టోబర్ చివర్లో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో భారతీయ మూలాలున్న ఒక అమ్మాయి వలసల గురించీ, మతం గురించీ జె.డి. వాన్స్‌ని నిలదీసింది. వలసలు తగ్గాలన్నాడు. తన భార్య ఎప్పటికైనా చర్చి వైపు వస్తుందని ఆశిస్తున్నానన్నాడు. అటు పక్క జాత్యహంకారులు ఆవిడని భారతీయురాలని బూతులు తిడితే, డిసెంబర్‌లో ఆయన ఘాటుగానే బదులిచ్చాడు. భార్యని ఎవరైనా అంటే ఊరుకోను అన్నది మర్యాద. భార్యలాంటివాళ్లు ఎంతమంది రావాలన్నది విధానం. రెండూ ఒక నోట్లోంచే వస్తాయి.

నాన్న సంవత్సరీకానికి అక్క 2025 డిసెంబర్ మొదటి వారంలో హైదరాబాద్ వచ్చింది. అమెరికాలో ఉన్నంతకాలం వీసా పొడిగింపు కాగితాల మీదే జరిగిపోతుంది. దేశం దాటితే మాత్రం పాస్‌పోర్టులో కొత్త ముద్ర కావాలి. డిసెంబర్ 18న కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉండాల్సింది. డిసెంబర్ 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలు పరిశీలిస్తామని కొత్త నియమం వచ్చింది. అక్క తేదీ మార్చి చివరికి మారిపోయింది. పిల్లలు అక్కడ, తను ఇక్కడ. పని అనుమతి కార్డు జనవరితో ముగుస్తుంది. ఇదివరకు పొడిగింపుకి దరఖాస్తు పెడితే జవాబు వచ్చేలోపు కొంతకాలం పాత కార్డు చెల్లేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన దరఖాస్తులకి ఆ సౌకర్యం తీసేశారు. అక్క పెట్టింది నవంబర్‌లో. బడివాళ్లు ఫిబ్రవరి దాకా చూసి వేరేవాళ్లని తీసుకున్నారు.

ఖాతాలన్నీ అందరికీ కనపడేలా తెరిచి పెట్టాలి కాబట్టి ఒక రాత్రి ఇద్దరం కూర్చుని ఆవిడ ఖాతా మొత్తం చూశాం. ఏముందని భయపడాలి? పిల్లల పుట్టినరోజు కేకులు, బతుకమ్మ, కూచిపూడి అరంగేట్రాలు, పెద్దవాడి సైన్స్ పోటీ బహుమతి, బావగారి పదోన్నతి. 2017లో ఒక్కటి మాత్రం ఉంది. కాన్సస్‌లో ఒక తెలుగు ఇంజనీరుని బార్‌లో కాల్చి చంపినప్పుడు ఆయన భార్య గురించి రాసిన నాలుగు వాక్యాలు. భర్త పోతే హెచ్‌-4 కూడా పోతుంది, ఆమె అంత్యక్రియలకి ఇండియా వస్తే తిరిగి వెళ్లే హక్కు ఉండదు అని. ఉంచనా, తీసెయ్యనా అని అడిగింది. నేను ఉంచమన్నాను. బావగారు ఫోన్‌లో తీసెయ్యమన్నారు. అక్క చాలాసేపు దాన్ని చదువుకుని, ఏమీ చెయ్యకుండా ల్యాప్‌టాప్ మూసేసింది.

మార్చిలో ఇంటర్వ్యూ నాలుగు నిమిషాలు జరిగింది. మీ భర్త ఏ కంపెనీలో పని చేస్తారు, ఎంత జీతం, పిల్లలెంతమంది అని అడిగారు. మీరేం చేస్తారని అడగలేదు. అడుగుతారేమోనని ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఫైల్లో పైనే పెట్టుకుని వెళ్లింది.